రంపపు ఈగలు: తల్లి వైపు సాక్ష్యం

శీతాకాలంలో ముల్లంగి మడిలోనో, ఆవ చేలోనో ఆకులు తిరగేసి చూస్తే ఒక్కోసారి నల్లగా, కాస్త పచ్చదనం కలిసిన పురుగులు కనిపిస్తాయి. వేలు తగిలితే చాలు, చుట్ట చుట్టుకుని నేల మీద రాలిపడి చచ్చినట్టు కదలకుండా ఉంటాయి. చూసినవాళ్ళు గొంగళి పురుగే అనుకుంటారు. కాదు. పొట్ట కింద కాళ్ళు లెక్కపెట్టండి. సీతాకోకచిలుకల పిల్లపురుగులకు పొట్ట కింద ఉండే కండకాళ్ళు 5 జతలకు మించవు. దీనికి 8 జతలుంటాయి. తలకు అటొకటి, ఇటొకటి మాత్రమే కళ్ళుంటాయి. గొంగళికైతే ఒక్కో పక్క చిన్నచిన్న కళ్ళ గుంపే ఉంటుంది. ఇది ఆవ రంపపు ఈగ పిల్ల. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అథాలియా లూజెన్స్ ప్రాక్సిమా. పెద్దయ్యాక ఈగలా కనిపిస్తుంది గానీ ఇంట్లో తిరిగే ఈగకు దీనికి దగ్గరి చుట్టరికం లేదు. దీని అసలు బంధువులు తేనెటీగలు, కందిరీగలు, చీమలు.

ఈ బంధుత్వం ఎంత పాతది, ఎవరు ఎవరికి దగ్గర, ఆ సంగతి కనిపెట్టడానికి పురుగు కణంలోని ఒక చిన్న డీఎన్ఏ వలయం ఎంతవరకు పనికొచ్చింది, ఎక్కడ తప్పుదోవ పట్టించింది అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

తేనెటీగలు, కందిరీగలు, చీమలు, రంపపు ఈగలు అన్నీ కలిసి హైమెనోప్టెరా అనే వర్గం. ఇప్పటికి పేరు పెట్టిన జాతులే 1,50,000కు పైన ఉన్నాయి. వీటిలో రంపపు ఈగల వాటా సుమారు 8 వేలు. ముందు రెక్కను వెనక రెక్కకు తగిలించే చిన్న కొక్కేలు వీటన్నిటికీ ఉంటాయి. కందిరీగకూ చీమకూ ఉన్న సన్నని నడుము మాత్రం రంపపు ఈగకు లేదు. ఛాతీ నుంచి పొట్ట దాకా ఒకే లావు. ఇక ఆడ పురుగు పొట్ట చివర నిజంగానే రంపం లాంటి పళ్ళున్న పరికరం ఉంటుంది. దానితో ఆకు అంచునో, లేత కాడనో కోసి, ఆ చీలికలో గుడ్డు దోపుతుంది. తేనెటీగ మనల్ని కుట్టే ముల్లు ఈ గుడ్లు పెట్టే పరికరం నుంచి కోట్ల ఏళ్ళలో మారి వచ్చిందే. మగ తేనెటీగ ఎందుకు కుట్టదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. గుడ్లు పెట్టే పరికరం లేనివాడికి ముల్లెక్కడిది?

రంపపు ఈగలను చాలాకాలం ఒక ప్రత్యేక ఉపవర్గంగా పుస్తకాల్లో రాసుకున్నారు. అయితే అవి ఒక్క తల్లి పిల్లలందరూ కలిసిన గుంపు కాదు. వాటిలో కొన్ని తోటి రంపపు ఈగలకంటే తేనెటీగలకే దగ్గర. సన్న నడుము పురుగులన్నీ ఒకానొక రంపపు ఈగ శాఖ నుంచి పుట్టుకొచ్చాయి. కాబట్టి చీమల మొదలు, తేనెటీగల మొదలు తెలియాలంటే వీటిని వదిలేసి లాభం లేదు. తేనెటీగ మీద వచ్చిన పుస్తకాలు గుట్టలు గుట్టలు. రంపపు ఈగను పట్టించుకున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. పరిశోధన డబ్బు కూడా తేనె ఉన్న వైపే వాలుతుంది కాబోలు!

ఇక ఆ వలయం సంగతి. కణంలో శక్తి తయారయ్యే చోటు మైటోకాండ్రియా. ఒకప్పుడు ఇది స్వతంత్రంగా బతికిన బాక్టీరియా. మరో కణంలో చేరి అక్కడే స్థిరపడింది. అందుకే కేంద్రకంలోని డీఎన్ఏతో సంబంధం లేకుండా దానికి సొంతంగా కొంచెం డీఎన్ఏ మిగిలింది. పురుగుల్లో ఈ డీఎన్ఏ సుమారు 16,000 అక్షరాల వలయం. అందులో మొత్తం 37 జన్యువులు: ప్రోటీన్లు చేసేవి 13, బదిలీ ఆర్ఎన్ఏలు చేసేవి 22, రైబోజోమ్ ఆర్ఎన్ఏలు చేసేవి 2. మనిషిలోనూ ఇవే 37. మనిషి మైటోకాండ్రియా డీఎన్ఏను 1981లో పూర్తిగా చదివారు; అది 16,569 అక్షరాలు. పండ్ల ఈగ జాతి ఒకదానిది 1985లో వచ్చింది. తేనెటీగది 1993లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు రాస్ క్రోజియర్, వై. సి. క్రోజియర్ చదివారు: 16,343 అక్షరాలు.

మన ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వస్తుంది. మైటోకాండ్రియా తల్లి వైపు నుంచే వస్తుంది. తల్లి నుంచి బిడ్డకు, ఆ బిడ్డ ఆడపిల్లయితే మళ్ళీ ఆమె బిడ్డలకు, ఇలా ఆడ వరసలోనే నడుస్తుంది. రంపపు ఈగల ఇంట్లో ఇంకో చిత్రం కూడా ఉంది. ఫలదీకరణ జరగని గుడ్డు నుంచి మగ పురుగు పుడుతుంది, జరిగిన గుడ్డు నుంచి ఆడది. అంటే మగవాడికి తండ్రే లేడు, తాత మాత్రం ఉన్నాడు. ఇది తేనెటీగల్లో 1845లో సైలీషియా ప్రాంతానికి చెందిన యాన్ జీర్జోన్ అనే పూజారి కనిపెట్టాడు. తేనెపెట్టెలు పెంచుకునే మనిషి ఆయన. నమ్మినవాళ్ళు మొదట్లో తక్కువే.

తల్లి వరస డీఎన్ఏ రెండు వైపుల నుంచీ కలగాపులగం కాదు. ఒక్కో కణంలో వందల నకళ్ళుంటాయి కాబట్టి తీయడం సులువు. పైగా చిన్నది, కాబట్టి చౌక. పరిశోధకులకు అది నచ్చడంలో ఆశ్చర్యం లేదు. ఇరవై ఏళ్ళ కిందట హైమెనోప్టెరా చరిత్రను దానితోనే తేల్చేద్దామని ఉత్సాహపడ్డారు. అక్కడే తేనెటీగ ఇబ్బంది పెట్టింది.

ఆ ఇబ్బంది ఏమిటో కాస్త నిదానంగా చెబుతాను. డీఎన్ఏకు అక్షరాలు నాలుగే: ఏ, టీ, జీ, సీ. తేనెటీగ మైటోకాండ్రియాలో నూటికి దాదాపు 85 అక్షరాలు ఏ లేదా టీ. నాలుగు అక్షరాల భాష రెండు అక్షరాలకు కుదించుకుపోయిందన్నమాట. అలాంటప్పుడు ఏ సంబంధమూ లేని రెండు వంశాల్లో ఒకే చోట ఒకే అక్షరం వచ్చి కూర్చోవడం మామూలే. దాన్ని కంప్యూటర్ చుట్టరికం అనుకుంటుంది. పైగా తేనెటీగల్లో, అనేక పరాన్నజీవి కందిరీగల్లో ఈ డీఎన్ఏ చాలా వేగంగా మారుతుంది. వేగంగా మారిన రెండు కొమ్మలు నిజంగా దూరపువే అయినా చెట్టులో పక్కపక్కన అతుక్కుంటాయి. పొడవు కొమ్మల చిక్కు అని పరిశోధకులు తలపట్టుకునేది దీన్నే. తేనెటీగ ఒక్కదాని డీఎన్ఏ చూసి మొత్తం హైమెనోప్టెరా ఎక్కడ పుట్టిందో చెప్పబోతే సమాధానం వంకరపోయేది.

ఆస్ట్రేలియాలో వొల్లంగాంగ్ విశ్వవిద్యాలయంలో కాస్ట్రో, డౌటన్ అనే ఇద్దరు దీనికో ఉపాయం ఆలోచించారు. నెమ్మదిగా మారిన దాన్ని అడిగితే? వాళ్ళు ఎంచుకున్నది పెర్గా కాండీ అనే రంపపు ఈగ. పెర్గాలు యూకలిప్టస్ చెట్ల మీద బతుకుతాయి. పగలు పిల్లపురుగులన్నీ ముద్దలా ఒకచోట అతుక్కుని ఉంటాయి, రాత్రి మేతకు కదులుతాయి. ఎవరైనా కదిలిస్తే, తిన్న ఆకులోంచి వేరు చేసి దాచుకున్న నీలగిరి తైలాన్ని నోట్లోంచి కక్కి బెదిరిస్తాయి. అక్కడి పిల్లలకు ఇవి బాగా తెలిసిన పురుగులే.

2005లో వచ్చిన ఆ పరిశోధనలో పెర్గా మైటోకాండ్రియా జన్యుక్రమాన్ని చాలావరకు చదివారు. అనుకున్నట్టే ఏ, టీల పక్షపాతం తేనెటీగలో కంటే తక్కువ. మార్పు వేగమూ తక్కువ. జన్యువుల వరస కూడా అంతగా చెదరలేదు. వలయంలో 37 జన్యువులు ఏది తర్వాత ఏది అన్నదానికి పురుగులకు పాతకాలం నాటి ఒక వరస ఉంది. పండ్ల ఈగలో దాదాపు అదే కనిపిస్తుంది. తేనెటీగలో ఆ వరస చాలా చోట్ల మారిపోయింది. రంపపు ఈగల్లో ఎక్కువగా మారేవి బదిలీ ఆర్ఎన్ఏ జన్యువుల చిన్న గుంపులు మాత్రమే. పెద్ద జన్యువులు ఉన్నచోటే ఉన్నాయి. నాలుగేళ్ళ తర్వాత, 2009లో, డౌటన్ బృందం మరిన్ని పురుగులు చేర్చి చూసినప్పుడు ఈ వర్గం తీరు ఇంకా స్పష్టమైంది: ఒకే వర్గంలో మైటోకాండ్రియా ఒకచోట మెల్లగా, మరోచోట పరుగున మారింది. మెల్లగా మారినవాళ్ళు నడుం సన్నబడని పాతవాళ్ళు.

ఇంతవరకు కథ సాఫీగా ఉంది. పెర్గా ఇచ్చిన సమాధానం ఏమిటంటే, హైమెనోప్టెరాకు అతి దగ్గరి బంధువులు సీతాకోకచిలుకలు, ఈగలు ఉన్న పెద్ద గుంపు. మరుసటి ఏడాదే, 2006లో, కేంద్రకంలోని 185 జన్యువులతో చేసిన అధ్యయనం వేరే మాట చెప్పింది. గుడ్డు, లార్వా, ప్యూపా, పెద్ద పురుగు అని నాలుగు దశలూ ఉండే పురుగులన్నిటిలో మొదట విడిపోయింది హైమెనోప్టెరానే అని. అంటే పెంకు పురుగులు, సీతాకోకచిలుకలు, ఈగలు అన్నీ ఒక వైపు, ఇవి ఇంకో వైపు. 2014లో బెర్న్‌హార్డ్ మిసాఫ్, ఇంకా అనేక దేశాల శాస్త్రజ్ఞులు 1,478 జన్యువులతో పురుగుల మహావృక్షం గీసినప్పుడు అదే నిలబడింది. మెల్లగా మారిన పెర్గా తేనెటీగ కంటే మెరుగైన సాక్షే. అయినా అంత పాత సంగతి దగ్గర దాని మాట తప్పింది. 37 జన్యువులకు 30 కోట్ల ఏళ్ళ దగ్గరి సంగతి గుర్తుపెట్టుకునే శక్తి లేదు.

అయితే దగ్గరి చుట్టాల విషయంలోనైనా నమ్మొచ్చు కదా అనిపిస్తుంది. అక్కడ ఇంకో మలుపు ఉంది. ఉత్తర అమెరికా పైన్ అడవుల్లో నియోడిప్రియాన్ అనే రంపపు ఈగల జాతులు చాలా ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో రకం పైన్ ఆకులు తింటుంది. కేథరీన్ లినెన్, బ్రయాన్ ఫారెల్ 2007లో వీటి మైటోకాండ్రియా చెట్టునూ, కేంద్రక జన్యువుల చెట్టునూ పక్కపక్కన పెట్టి చూశారు. రెండూ కుదరలేదు. కారణం ఏమిటంటే, వేరు జాతుల ఆడ, మగ అప్పుడప్పుడు కలుస్తాయి. పుట్టిన ఆడపిల్లలు తండ్రి జాతి మగవాటితోనే కలుస్తూ పోతే, తల్లి జాతి కేంద్రక జన్యువులు తరతరానికీ సగమవుతూ దాదాపు కనుమరుగవుతాయి. కానీ మైటోకాండ్రియా తల్లి వరసలో నడిచేది కదా, అది మాత్రం చెక్కుచెదరకుండా కొత్త జాతిలో చేరిపోతుంది. పురుగు ఒంటి లక్షణాలన్నీ ఒక జాతివి, మైటోకాండ్రియా ఇంకో జాతిది. నియోడిప్రియాన్‌లో ఇది అడపాదడపా కాదు, విచ్చలవిడిగా జరిగిందని వాళ్ళు తేల్చారు. మైటోకాండ్రియాలోని ఒక్క చిన్న ముక్క చదివి జాతి పేరు చెప్పేసే పద్ధతి ఇప్పుడు బాగా వాడుకలో ఉంది. ఆ పద్ధతి మీద నాకు గౌరవమే, గానీ ఈ పైన్ పురుగుల కథ విన్నాక ఆ పేరు చివర ఒక ప్రశ్నార్థకం పెట్టుకుంటాను.

మరీ పాత సంగతులకు పనికిరాదు, మరీ దగ్గరి చుట్టాల్లో మోసం చేస్తుంది. మరి దేనికి పనికొస్తుంది? నా ఉద్దేశంలో మధ్యకాలానికి. కుటుంబాలు ఎలా విడిపోయాయి, ఏ కుటుంబం ఏ కుటుంబంతో కలుస్తుంది అన్న చోట ఈ వలయం మాట బాగానే నిలుస్తోంది. ఆకులు తినే రంపపు ఈగల్లో పెద్ద గుంపు టెంత్రెడినాయిడియా. పెర్గాలూ, పైన్ పురుగులూ, మన ఆవ రంపపు ఈగా అందులోవే. మైటోకాండ్రియా జన్యుక్రమాలు వాటిని ఒకే గుంపుగా చూపిస్తాయి. ఆ గుంపు లోపల ఇళ్ళు సర్దడం ఇంకా నడుస్తోంది. అథాలియాను వందేళ్ళకు పైగా పెద్ద కుటుంబం టెంత్రెడినిడేలో ఉంచారు. 2022లో జన్యు సమాచారం ఆధారంగా చైనా, టర్కీ, ఫ్రాన్స్ పరిశోధకులు దాన్ని అందులోంచి తీసి, అథాలియిడే అని వేరు కుటుంబం కట్టాలని వాదించారు. ఆవ చేలో ఆకులు నమిలే పురుగుకు ఈ గొడవేమీ తెలియదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇప్పుడు వస్తుంది: ఆకు తినే పురుగు మాంసం తినేదిగా ఎలా మారింది?

రంపపు ఈగల్లో కొన్ని చెట్టు లోపలికి దూరాయి. సిరెక్స్ అనేది అలాంటిది. ఆడది పైన్ మానులో గుడ్డు పెడుతూ, దానితో పాటు ఒక శిలీంధ్రాన్ని, విషపు జిగురును లోపలికి దింపుతుంది. శిలీంధ్రం కర్రను మెత్తబరుస్తుంది, పిల్ల ఆ కర్రలో బొరియ తవ్వుతూ బతుకుతుంది. ఐరోపాకు చెందిన సిరెక్స్ నాక్టిలియో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా పైన్ తోటలకు చేరి కోట్ల నష్టం తెచ్చింది. దాన్ని ఆపడానికి ఆడ పురుగుల గుడ్లను గొడ్డుపరిచే ఒక నులిపురుగును పెంచి తోటల్లో వదులుతున్నారు.

అదే కర్రలో బతికే ఇంకో వంశం అనాక్సియెలిడే. జురాసిక్ కాలపు రాళ్ళలో దీని అచ్చులు బోలెడు. ఇప్పుడు మిగిలిన జాతి ఒక్కటే, సింటెక్సిస్ లిబోసెడ్రీ. అమెరికా పడమటి కొండల్లో ఉంటుంది. అడవి తగలబడ్డాక, ఇంకా పొగ వదులుతున్న సెడార్ మానుల మీద వాలి గుడ్లు పెడుతుంది. మంటలార్పేవాళ్ళ చుట్టూ తిరగడం చూసినవాళ్ళున్నారు. దీన్ని పాతబడిన పురుగు అని తీసిపారేయడానికి నాకు మనసొప్పదు. నిప్పు పక్కన గుడ్లు పెట్టే నేర్పు తేనెటీగకు ఎక్కడుంది?

కర్రలో బతికేవాటి నుంచే ఒరుసిడే వచ్చింది. దీని పిల్ల కర్ర తినదు. కర్ర తొలిచే పెంకు పురుగుల పిల్లలను తింటుంది. మరి మాను లోపల ఉన్న పురుగు బయట ఉన్న తల్లికి ఎలా తెలుస్తుంది? మీసాల కొనలతో బెరడు మీద టకటక కొడుతుంది. ఆ కంపనాలు లోపల బొరియలను తాకి తిరిగి వచ్చినప్పుడు, ముందు కాళ్ళలో బాగా ఎదిగిన ఒక ఇంద్రియంతో వాటిని పట్టుకుంటుంది. తర్వాత గుడ్లు పెట్టే సన్నటి గొట్టాన్ని లోపలికి దింపుతుంది. అది ఎంత పొడవంటే, వాడనప్పుడు ఒంటి లోపల చుట్టగా చుట్టి ఛాతీ దాకా దాచుకుంటుంది. కోపెన్‌హాగెన్ మ్యూజియంలో లార్స్ విల్‌హెల్మ్‌సెన్ ఈ పరికరాలను చక్కగా వివరించాడు.

ఒరుసిడేకు అతి దగ్గరి బంధువులు సన్న నడుము పురుగులే. శరీర నిర్మాణం చూసినా, కేంద్రక జన్యువులు చూసినా అదే మాట. 2017లో రాల్ఫ్ పీటర్స్, సహచరులు 173 పురుగుల్లో 3,256 జన్యువులు పోల్చి, హైమెనోప్టెరా పుట్టుక సుమారు 28 కోట్ల ఏళ్ళ కిందటిదని, ఇంకో పురుగును తింటూ పెరగడం అన్నది ఒరుసిడే, సన్న నడుము పురుగుల ఉమ్మడి పూర్వీకుల్లో ఒక్కసారే మొదలైందని చెప్పారు. పొలాల్లో మనం వదిలే ట్రైకోగ్రామా గుడ్డు పరాన్నజీవి కూడా ఆ ఒక్క మలుపు సంతానమే. తేనెటీగ మాంసం వదిలి పుప్పొడికి మళ్ళింది, అదీ ఆ వంశంలోనే.

ఇదే అధ్యయనం ఇంకో పాత నమ్మకాన్ని కదిలించింది. క్సైయెలిడే అని ఒక చిన్న కుటుంబం ఉంది. 23 కోట్ల ఏళ్ళ దరిదాపుల ట్రయాసిక్ రాళ్ళలో దొరికే మొట్టమొదటి హైమెనోప్టెరా అచ్చులు దీనివే. కిర్గిజ్‌స్తాన్‌లోని మాడిగెన్ వాటికి పేరున్న చోటు. ఇప్పటి క్సైయెలా పిల్లలు పైన్ చెట్టు మగ కంకుల్లో పుప్పొడి తింటూ పెరుగుతాయి. ఇది మిగతా హైమెనోప్టెరా అన్నిటికంటే ముందే ఒంటరిగా విడిపోయిందని చాలాకాలం చెప్పుకున్నారు. పీటర్స్ బృందం లెక్కలో మాత్రం అది ఆకులు తినే రంపపు ఈగలతోనే కలిసి ఒక గుంపు అయింది. ఈ తేడా చిన్నది కాదు. క్సైయెలా ఒక్కటే అడుగున ఉంటే, తేనెటీగల, చీమల ఆది పూర్వీకురాలి పిల్ల కంకి లోపల పుప్పొడి తినేదని ఊహించడానికి వీలుంటుంది. గుంపులో కలిస్తే, ఆమె పిల్లలు బయట ఆకుల మీదే పెరిగాయన్న వాదనకు బలం వస్తుంది.

ఈ పేచీలో మైటోకాండ్రియా ఒక్కటే తీర్పు చెప్పలేదు, అంత పాత సంగతి కాబట్టి. కానీ దాన్ని పక్కన పెట్టలేం కూడా. కారణం మ్యూజియం సొరుగులు. మనదేశంలో రంపపు ఈగలు దట్టంగా ఉండేది హిమాలయాల్లో. పటియాలా పంజాబీ విశ్వవిద్యాలయంలో ఎం. ఎస్. సైనీ వాటి మీద ఏళ్ళ తరబడి పనిచేసి సంపుటాలు రాశాడు. అలాంటి సేకరణల్లో సూదికి గుచ్చి ఎండిన పాత పురుగుల్లో కేంద్రక డీఎన్ఏ ముక్కలు ముక్కలై ఉంటుంది. మైటోకాండ్రియా డీఎన్ఏ మాత్రం కణానికి వందల నకళ్ళు ఉండబట్టి ఒక్క కాలు తీసినా చాలాసార్లు పూర్తి వలయం దొరుకుతుంది. ఏ కుటుంబానికి చెందిందో తేలాక, కేంద్రక జన్యువుల కోసం తాజా పురుగును ఏ కొండ మీద, ఏ నెలలో వెతకాలో తెలుస్తుంది. రంపపు ఈగల్లో చాలావాటికి పెద్ద పురుగు బయట తిరిగేది వసంతంలో కొద్ది వారాలే.